జెండా ఎవరి చేతికి? ఒక వీరజవాను ఇంటితో మూడేళ్ల పని

ఇది రాసే ముందు ఆ ఇంట్లోని ఇద్దరు ఆడవాళ్లనూ విడివిడిగా అడిగాను. తల్లి, "రాసుకో బాబూ, మా పేర్లెందుకు గానీ" అంది. కోడలు రాసిందంతా చదివి రెండు చోట్ల పెన్నుతో కొట్టేసింది. ఆ రెండూ ఇందులో లేవు. ఊరు, యూనిట్, తేదీలు కూడా తీసేశాను. శ్రీకాకుళం జిల్లాలో వీధికి నలుగురు ఫౌజీలున్న ఊళ్లు చాలానే ఉన్నాయి, ఇది ఫలానా ఊరని ఎవరూ పోల్చుకోనక్కర్లేదు.

నేను సుబేదారుగా పెన్షన్ వచ్చాక జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో వెల్ఫేర్ ఆర్గనైజర్‌గా చేరాను. మండలాలు తిరగడం, మాజీ సైనికుల కాగితాలు చూడడం, ఎవరైనా పోతే ఆ ఇంటికి వెళ్లడం నా పని. ఈ కేసులో నేను చేసిన తప్పులు రెండున్నాయి. నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్లకి పనికొస్తాయని ముఖ్యంగా వాటి కోసమే రాస్తున్నాను.

ఇల్లు

అబ్బాయిది సైన్యంలో నాయక్ ర్యాంకు. 31 ఏళ్లు. నియంత్రణ రేఖ దగ్గర బాగా ఎత్తు మీదున్న పోస్టులో డ్యూటీ చేస్తుండగా మంచు చరియ విరిగిపడి పోయాడు. ఇంట్లో తండ్రి, తల్లి, ఐటీఐ చదివి ఖాళీగా ఉన్న తమ్ముడు. భార్యకు 26 ఏళ్లు, పెళ్లికి ముందు డిగ్రీ రెండో సంవత్సరంలో చదువు ఆపేసింది. నాలుగేళ్ల పాప, ఐదు నెలల బాబు. ఆ బాబును తండ్రి వీడియో కాల్‌లో తప్ప చూడలేదు. వచ్చే సెలవుకి ఇల్లు శ్లాబు వేద్దామని ఇటుక తోలించి ఉంచాడు. మూడేళ్ల తర్వాత కూడా ఆ ఇటుకలో సగం అలాగే ఉంది, దాని మీద కాకరతీగ పాకింది.

మొదటి నాలుగు రోజులు

యూనిట్ సుబేదార్ మేజర్ ఫోన్ చేసేలోపే కబురు ఆ ఇంటికి చేరిపోయింది. అదే ఊరి కుర్రాడొకడు ఇంకో యూనిట్‌లో ఉన్నాడు. వాడికి తెలిసి, ఫొటో పక్కన కొవ్వొత్తి పెట్టి వాట్సాప్ స్టేటస్ వేశాడు. చిన్న కొడుకు ఫోన్‌లో ఆ ఫొటో తల్లి కంట పడింది. ఆవిడకు చదువు రాదు. యూనిఫాంలో ఉన్న కొడుకుని చూసి మురిసిపోయి, "ఏటి రాశార్రా ఇక్కడ?" అని అడిగింది.

నాకు పొద్దున్న ఆరింటికే సమాచారం ఉంది. రాతపూర్వకంగా మెసేజ్ వచ్చాకే ఇంటికి వెళ్లాలని పన్నెండు దాకా ఆఫీసులో కూర్చున్నాను. ఇది నా మొదటి తప్పు. ఇప్పుడు అలా చెయ్యను. సమాచారం ఖాయం కాకపోయినా ఆ ఊరి దగ్గరకు వెళ్లి, తెలిసిన మాజీ సైనికుడి ఇంట్లో కూర్చుంటాను. ఖాయమైన ఐదు నిమిషాల్లో గుమ్మంలో ఉండొచ్చు. ఇంకొక మనిషిని, వీలైతే ఆడమనిషిని, వెంట తీసుకెళ్తాను. ఈ కేసులో సాయంత్రానికి మా ఆవిడను రప్పించాను. ఆవిడ ఒక్క మాటా మాట్లాడకుండా ఆ అమ్మాయి పక్కన పిల్లాడిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నా ఉపన్యాసం కంటే అదే పనికొచ్చింది.

పార్థివదేహం రావడానికి నాలుగు రోజులు పట్టింది. మంచులోంచి తీయాలి, హెలికాప్టర్‌కి వాతావరణం అనుకూలించాలి, పోస్ట్‌మార్టం జరగాలి, ఢిల్లీ, అక్కడి నుంచి విశాఖ, ఆపైన రోడ్డు. 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్‌తో పాటు హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన అప్పటి చిత్తూరు జిల్లా లాన్స్ నాయక్ సాయితేజ విషయంలోనూ డీఎన్‌ఏ పరీక్ష తేలి, సొంతూరు ఎగువరేగడకు చేరి, అంత్యక్రియలయ్యేసరికి 12వ తేదీ వచ్చింది. ఈ నిరీక్షణలో ఇంటివాళ్లకి కావలసింది వార్త. ఏమీ కొత్త సంగతి లేకపోయినా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేసి "ఇవాళ ఇక్కడిదాకా వచ్చింది" అని చెప్పే మనిషి ఒకడుండాలి. నేను ఆ పని తండ్రికి చేశాను. కోడలికి చెయ్యలేదు. ఆమె ఆ నాలుగు రోజులూ టీవీ చూసి తెలుసుకుంది.

పాతకాలంలో ఇదీ ఉండేది కాదు. మా ఊళ్లో 1971 యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న ముసలమ్మ ఉండేది. ఆవిడకు వచ్చింది ఒక టెలిగ్రాం, కొన్నాళ్లకు ఒక ట్రంకు పెట్టె. దహనమో ఖననమో యుద్ధభూమిలోనే అయిపోయేది. దేహాలను ఇళ్లకు పంపడం అలవాటుగా మారింది 1999 కార్గిల్ నుంచే. ఊళ్లలో ఇప్పుడు మనం చూసే జనసంద్రం, మోటార్ సైకిళ్ల ర్యాలీ, పూలవాన అన్నీ ఆ పాతికేళ్లలో పుట్టినవే. వాటిని నేను తక్కువ చెయ్యను. ఆ రోజు ఆ తండ్రి వెన్ను నిలబెట్టింది ఆ జనమే.

కానీ ఫ్లెక్సీల గురించి ఒక మాట చెప్పాలి. కుర్రాళ్లకి యూనిఫాం ఫొటో దొరక్క పెళ్లి ఫొటో తీసుకున్నారు. పెళ్లికూతుర్ని కత్తిరించారు. మొహం కింద ఎవరిదో యూనిఫాం అతికించారు. నుదుటి మీద బాసికం ఆనవాలు పోలేదు, భుజం మీద ఆమె చెయ్యి కూడా కొంచెం మిగిలిపోయింది. అలాంటి ఫ్లెక్సీలు ఊరంతా పదకొండు లెక్కపెట్టాను. భుజం మీద పట్టీలు నాయక్‌వి కావు, పై ర్యాంకైన హవల్దార్‌వి. ఇప్పుడు ఏ ఊరికి వెళ్లినా మొదటి గంటలోనే యూనిట్ నుంచి సరైన ఫొటో తెప్పించి, భార్యకు చూపించి, ఊరి కుర్రాళ్లకి నేనే పంపుతాను. ప్రింటింగ్ ఆపమంటే ఎవరూ ఆపరు. మంచి ఫొటో ఇస్తే అదే వేస్తారు.

శ్మశానం దగ్గర

సైనిక లాంఛనాల క్రమం చాలామందికి తెలిసిందే. పెట్టె మీద త్రివర్ణ పతాకం, కాషాయం తలవైపు. పుష్పగుచ్ఛాలు, శోక్ శస్త్ర్ (తుపాకులు తలకిందులుగా పట్టి వందనం), గాల్లోకి కాల్పులు, లాస్ట్ పోస్ట్ (బ్యూగిల్ మీద వీడ్కోలు). జెండాను చితి మీద ఉంచకూడదు, గోతిలోకి దించకూడదు. ముందే తీసి, మడిచి, దగ్గరి వారసుల చేతికి ఇస్తారు. మా భాషలో ఎన్‌ఓకే, నెక్స్ట్ ఆఫ్ కిన్. పెళ్లైనవాడికి మామూలుగా ఆ కాలమ్‌లో భార్య పేరే ఉంటుంది.

వీళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు. ఎస్కార్ట్‌తో వచ్చిన నాయబ్ సుబేదార్ మడిచిన జెండా రెండు చేతుల్లో పట్టుకుని నా వైపు చూశాడు. ఊరిపెద్ద ఒకాయన, "తండ్రున్నాడు కదా, ఆయనకివ్వండి" అన్నాడు. నేను తలూపాను. తండ్రి తీసుకున్నాడు, ఇంటికి తెచ్చి అబ్బాయి తల్లికిచ్చాడు, ఆవిడ ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసింది.

ఇది నా రెండో తప్పు. అప్పట్లో అది తప్పని నాకు తట్టలేదు కూడా. ముందురోజు రాత్రి ఆ అమ్మాయిని ఒక్క ప్రశ్న అడిగితే సరిపోయేది: "అమ్మా, జెండా ఎక్కడ తీసుకుంటావు?" శ్మశానానికి వస్తానని అనేదో, ఇంటి దగ్గరే పెట్టె లేచే ముందు ఇవ్వమనేదో. రెండూ జరిపించగలిగేవే. ఈ మూడేళ్లలో ఇంకో మూడు ఇళ్లలో ఆ ప్రశ్న అడిగాను. ఒక అమ్మాయి శ్మశానానికి వచ్చింది, ఊరెవ్వరూ ఏమీ అనలేదు. ఇంకొకామె తన అత్తగారినే తీసుకోమంది. మూడో ఇంట్లో పెట్టె లేచే ముందు వాకిట్లోనే తీసుకుంది.

కాగితాలు

ఈ భాగం ఎవరూ ఫొటో తీయరు. నన్నడిగితే సన్మానం మొదలయ్యేది ఇక్కడే.

మొట్టమొదట తేలాల్సింది ఆ మరణం ఏ కోవలోకి వస్తుందన్నది. ఊళ్లో "అమరవీరుడని సర్టిఫికెట్ ఇప్పించండి" అని అడుగుతారు. అలాంటిది లేదు. మనం నోరారా అమరవీరుడంటాం గానీ, సైన్యం తన కాగితాల్లో ఆ మాట వాడదు. వాళ్ల మాట 'బ్యాటిల్ క్యాజువల్టీ'. అది కాకపోతే 'ఫిజికల్ క్యాజువల్టీ'. ఈ రెండు మాటల మధ్య తేడా ఇంటి ఖర్చులోకి వస్తుంది. సర్వీసుతో సంబంధం లేని మరణానికి సాధారణ కుటుంబ పెన్షన్, ఆఖరి జీతంలో 30 శాతం (మొదటి కొన్నేళ్లు అంతకంటే ఎక్కువ). సర్వీసు కారణంగానో, డ్యూటీలో ప్రమాదం వల్లనో పోతే స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్, 60 శాతం. యుద్ధంలో, సరిహద్దు ఘర్షణలో, ఉగ్రవాదుల చేతిలో, అలాంటి ఆపరేషన్లలో పోతే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్, ఆఖరి జీతం మొత్తం, నూటికి నూరు. వీటన్నిటి మీదా కరువు భత్యం వేరు.

మంచు చరియ శత్రువు కాదు కదా, ఇది ప్రమాదమే కదా అని ఊళ్లో ఒక రిటైర్డ్ పెద్దమనిషి తేల్చేశాడు. ఆ ఇంటివాళ్లు నెల రోజులు అదే నమ్మారు. నిజానికి నియంత్రణ రేఖ మీద ఆపరేషనల్ డ్యూటీలో ఉండగా మంచు చరియ, వరద, పిడుగు వంటి వాటివల్ల పోయినా బ్యాటిల్ క్యాజువల్టీగానే లెక్కిస్తారని 2003 నాటి ఆర్మీ ఆర్డర్‌లో ఉంది. ముందు కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ జరగాలి, తర్వాత పార్ట్ టూ ఆర్డర్, అంటే సర్వీసు రికార్డులో ఎక్కించే ఉత్తర్వు, రావాలి. ఈ కేసులో అది సవ్యంగానే జరిగింది. కేంద్రం ఇచ్చే ఎక్స్‌గ్రేషియా కూడా దీన్నిబట్టే ఉంటుంది: డ్యూటీ ప్రమాదానికి 25 లక్షలు, సరిహద్దు ఘర్షణకు గానీ, నిర్ణీత ఎత్తైన ప్రాంతాల్లో ప్రకృతి వైపరీత్యానికి గానీ 35 లక్షలు, యుద్ధంలో శత్రుచర్యకు 45 లక్షలు. ఇవి కాక యుద్ధ క్షతగాత్రుల సంక్షేమ నిధి నుంచి 8 లక్షలు, గ్రూప్ ఇన్సూరెన్స్, ప్రావిడెంట్ ఫండ్, రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించేది.

నాలుగేళ్ల సర్వీసుకి చేరే అగ్నివీర్‌ల ఇళ్లవాళ్లు ఇదే లెక్క తమకూ అనుకుంటారు. వాళ్లకు నెలవారీ పెన్షన్ లేదు. 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన కాలానికి జీతం, సేవా నిధి, ఇలా ఒకేసారి వస్తుంది. 2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర పోయిన శ్రీ సత్యసాయి జిల్లా కల్లి తండా కుర్రాడు మురళీ నాయక్ అగ్నివీరే. ఆ తేడా ముందుగానే నెమ్మదిగా చెప్పకపోతే అలాంటి తల్లిదండ్రులు ఏళ్ల తరబడి రాని పెన్షన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతారు.

మా కేసులో అసలు చిక్కు పేరులో వచ్చింది. సర్వీసు రికార్డులో అమ్మాయి పేరు అత్తింటి ఇంటిపేరుతో ఉంది. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, దాని పక్కన చుక్క. బ్యాంకు పుస్తకంలో చివర 'కుమారి' అదనం. నాలుగు కాగితాల్లో నలుగురు ఆడవాళ్లు. తెలుగువాళ్ల కేసుల్లో ఇది మామూలు రోగం. ఇంకోటి: బాబు పుట్టినట్టు పార్ట్ టూ ఆర్డర్ పడలేదు. సెలవుకి వచ్చినప్పుడు బర్త్ సర్టిఫికెట్ పట్టుకెళ్దామనుకున్నాడు. అంటే సైన్యం దృష్టిలో చనిపోయిన అబ్బాయికి పాప ఒక్కతే సంతానం. ఇప్పుడు పెన్షన్ ఆగకపోయినా, రేపు ఆ పిల్లాడి చదువు రాయితీ దగ్గర ఆగుతుంది.

అఫిడవిట్లు, తహసీల్దార్ దగ్గర కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, ఆధార్ మార్పు, రికార్డ్ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టు. ఏడు నెలలు పట్టింది. ఈ ఏడు నెలల్లో ఆమె మా ఆఫీసుకి పద్నాలుగు సార్లు వచ్చింది, పిల్లాడిని చంకన వేసుకుని రెండు బస్సులు మారి. పద్నాలుగోసారి నాకు సిగ్గేసి, ఆ తర్వాత సంతకాలకి నేనే వెళ్లడం మొదలుపెట్టాను. ఒక బ్యాంకులో మేనేజరు పేరు తేడా సరిచెయ్యడానికి ముందు ఆ డబ్బుతో బీమా పాలసీ చేయించే ప్రయత్నం చేశాడు. దానికి ఆమె ఏం జవాబు చెప్పిందో రాశాను గానీ, ఆమె కొట్టేసిన రెండింటిలో ఒకటి అది.

రెండో ఏడాది ఇంకో దెబ్బ. ఒక నెల పెన్షన్ పడలేదు. ఇప్పుడు రక్షణ శాఖ పెన్షన్లన్నీ స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో నడుస్తాయి, ఏటా బతికున్నట్టు ధ్రువీకరణ ఇవ్వాలి. ఊళ్లో నెట్ సెంటర్ కుర్రాడు ఆమె ఖాతా తెరిచేటప్పుడు తన ఫోన్ నంబరు ఇచ్చేశాడు. వాడు హైదరాబాద్ వెళ్లిపోయాడు, నంబరు మార్చేశాడు. ఓటీపీలన్నీ ఎవరికో పోతున్నాయి. దురుద్దేశం లేదు, నిర్లక్ష్యం. అప్పటి నుంచి కొత్త కేసు ఏది వచ్చినా మొదట చూసేది ఒకటే: నంబరు ఎవరిది?

వాటాలు

ఇంట్లో గొడవ డబ్బుతోనే మొదలైందని ఊరంతా అంటుంది. నాకలా అనిపించలేదు. నెలవారీ పెన్షన్ చట్టప్రకారం భార్యది. భార్య ఉండగా తల్లిదండ్రులకు అందులో మామూలుగా వాటా రాదు. గ్రూప్ ఇన్సూరెన్స్‌లో మాత్రం ఆ అబ్బాయి తల్లికీ వాటా రాసి ఉంచాడు. రాష్ట్రం ఇచ్చినది కలెక్టరాఫీసులో కూర్చుని ఇద్దరికీ పంచారు. లెక్క చూస్తే అన్యాయం జరగలేదు. తల్లికి కావలసింది లెక్క కాదు. ఏ ఆఫీసు మనిషి వచ్చినా "కోడలు లేదా?" అని అడిగి, లేదంటే వెనక్కి తిరిగి వెళ్లిపోయేవాడు. ఒకసారి ఆవిడ నాతో అంది: "ఆణ్ని కన్నట్టు కూడా ఎక్కడా రాయలేదేటి బాబూ?"

దేశమంతా ఉన్న తగువే ఇది. 2024లో ఉత్తరాది నుంచి కీర్తిచక్ర శౌర్య పతకం వచ్చిన ఒక సైనికుడి కుటుంబం బాధ టీవీల్లోకెక్కినప్పుడు జనం తల్లివైపు కొందరు, కోడలివైపు కొందరు చేరి తిట్టుకున్నారు. ఇద్దరూ ఒకే మనిషిని పోగొట్టుకున్నారన్నది ఎవరికీ గుర్తు లేదు. దానికి ముందు 2021 నవంబర్‌లో గల్వాన్ వీరుడు, సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు మహావీర్ చక్రను రాష్ట్రపతి చేతుల మీదుగా భార్య, తల్లి కలిసి అందుకున్నారు. ఆ వీడియో నా ఫోన్‌లో ఉంచుకున్నాను. తగువు పెరిగే ఇళ్లల్లో మాటలకంటే అది చూపించడం తేలిక.

నేను చేసింది చిన్నది. తల్లికి విడిగా ఒక ఫైలు తెరిచాను. అందులో ఉండే కాగితాలు తక్కువే: ఆవిడ వాటా వివరాలు, వృద్ధాప్య పెన్షన్, వైద్యం కాగితాలు. కానీ నేను వెళ్లినప్పుడల్లా రెండు ఫైళ్లూ తీసుకెళ్లి, ముందు ఆవిడది విప్పేవాణ్ని.

మరిది సంగతి

ఏడాదిన్నర తిరిగేసరికి మరిదికి ఇచ్చి చెయ్యాలన్న మాట వచ్చింది. పిల్లలు ఇంట్లోనే ఉంటారు, డబ్బు ఇంట్లోనే ఉంటుంది అన్నది పెద్దల ఆలోచన. దానికి తోడు మళ్లీ ఆ రిటైర్డ్ పెద్దమనిషే, "బయట పెళ్లి చేసుకుంటే పెన్షన్ పోతుంది, మరిదిని చేసుకుంటేనే ఉంటుంది. రూలే అది" అన్నాడు.

ఆయన పూర్తిగా అబద్ధం చెప్పలేదు, అదే ప్రమాదం. అలాంటి షరతు ఒకప్పుడు ఉండేది. శౌర్య పతకం పొందినవాడి భార్యకు ఇచ్చే భత్యం ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోయేది, భర్త సోదరుణ్ని చేసుకుంటేనే కొనసాగేది. 2017 నవంబర్‌లో రక్షణ శాఖ ఆ షరతు ఎత్తేసింది. ఇక లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ సంగతి: ఆమె ఎవరిని పెళ్లి చేసుకున్నా, పిల్లల్ని తను పోషిస్తున్నంతకాలం మొత్తం పెన్షన్ ఆమెదే. పోషించకపోతేనే అందులో భాగం పిల్లలకు పోతుంది. పిల్లలు లేకపోయినా ఆమెకు పూర్తిగా కొనసాగుతుంది. సైనిక్ బోర్డులో వితంతువు పునర్వివాహానికి సాయం చేసే పథకం కూడా ఒకటుంది. ఆ ఊళ్లో దాని గురించి ఎవరూ వినలేదు.

నేను ఉత్తర్వుల కాపీలు తీసుకెళ్లి, తెలుగులో ఒక పేజీ రాయించి, ఆమెకు ఒక్కదానికే ఇచ్చాను. పంచాయతీ పెట్టలేదు, మరిదిని చేసుకోవద్దనీ చెప్పలేదు. మా పని సలహా చెప్పడం కాదు, భయం తీసెయ్యడం. ఆ కాగితం ఆమె ఏం చేసిందో గానీ నెలకి ఆ మాట ఆగిపోయింది. మరిది హోంగార్డు సెలక్షన్‌కి వెళ్లాడు. ఆ కుర్రాడికి కూడా ఆ సంబంధం ఇష్టం లేదని తర్వాత తెలిసింది. వాడిని అడిగినవాళ్లూ లేరు.

ఆమె డిగ్రీ దూరవిద్యలో పూర్తి చేసింది. ఇప్పుడు బీఈడీ.

శాలువాలు

జనవరి 26, కార్గిల్ విజయ దినమైన జూలై 26, ఆగస్టు 15, డిసెంబర్ 7. ఈ నాలుగు తేదీలు వస్తే ఆ ఇంటికి ఫోన్లు మొదలు. చివరిది సాయుధ దళాల పతాక దినం, 1949 నుంచి జరుగుతోంది. ఆ రోజు మేమే విరాళాలు సేకరిస్తాం కాబట్టి మా మీదా తప్పుంది.

తల్లిని పొద్దున ఏడింటికి తీసుకెళ్లి ఎండలో కూర్చోబెట్టి, పదకొండింటికి మైకులో "అమరవీరుడి మాతృమూర్తి" అని పిలిచేవారు. పేరు చెప్పేవారు కాదు, తెలిస్తే కదా. శాలువా కప్పి ఫొటో తీసి వదిలేస్తే ఆటో చేసుకుని ఇంటికొచ్చేది. ఇంట్లో పదహారు శాలువాలున్నాయి. ఒకటి పుష్యమాసంలో గేదెదూడకి కప్పింది. "ఎచ్చగా ఉంటాది బాబూ" అంది. నేను నవ్వితే ఆవిడా నవ్వింది. ఆ ఇంట్లో నేను విన్న మొదటి నవ్వు అదే అనుకుంటాను.

ఒక కాలేజీలో ఇంకా ఘోరం జరిగింది. కోడలిని స్టేజీ ఎక్కించి, వెనక తెర మీద మంచు చరియల వీడియో వేశారు, ఎక్కడివో. విషాద సంగీతం పెట్టారు. నాలుగేళ్ల పాప చేతికి మైకిచ్చి "నాన్న ఎక్కడున్నాడు?" అని అడిగారు. పాప "పైన" అంటే చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి ఆమె నాకు ఫోన్ చేసింది. "సార్, ఇంకెప్పుడూ నా నంబరు ఎవరికీ ఇవ్వకండి."

అప్పటి నుంచి ఎవరు సన్మానం చేస్తామన్నా నంబరు ఇవ్వను. నేనే అడిగి చెబుతాను. ఒప్పుకుంటే ముందే కొన్ని మాట్లాడుకుంటాం: ఇంటి దగ్గర నుంచి తీసుకెళ్లి దిగబెట్టాలి, పేరుతో పిలవాలి, పిల్లల్ని స్టేజీ ఎక్కించకూడదు, మాట్లాడమని బలవంతం చెయ్యకూడదు, గంటలో వదిలెయ్యాలి. సగం మంది ఆ మాట వినగానే మళ్లీ ఫోన్ చెయ్యరు. మిగిలిన సగంలో మంచివాళ్లున్నారు. ఒక హైస్కూలు మాస్టారు శాలువా బదులు పాపకి పదో తరగతి దాకా నోటుపుస్తకాలు, బూట్లు ఏటా జూన్‌లో ఇంటికి పంపుతానన్నారు. మూడేళ్లుగా పంపుతున్నారు. ఫొటో ఎప్పుడూ అడగలేదు.

విగ్రహం విషయం కూడా చెప్పాలి. ఊరివాళ్లు చందాలు వేసుకుని బస్టాపు సెంటర్లో పెడదామనుకున్నారు. పబ్లిక్ రోడ్ల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి అది ఎలాగూ చిక్కే. కానీ నా అభ్యంతరం వేరు. ఆమె రోజూ ఆ బస్టాపులోనే బస్సెక్కాలి. రోజూ పొద్దున్నే సిమెంటు మొగుణ్ని చూస్తూ నిలబడాలా? ఎవరూ ఆమెని అడగలేదు. సర్పంచిగారితో నేను ఇదే మాట అంటే ఆయన కాసేపు ఊరుకుని, "నిజమే సుబేదారుగారూ, మా ఇంట్లో ఆడోళ్లకి కూడా తట్టలేదు" అన్నారు. చివరికి బడి ఆవరణలో పెట్టారు, అనుమతి తీసుకుని. విగ్రహం ముక్కు తన కొడుకుది కాదని తల్లి ఇప్పటికీ అంటుంది.

పెట్టె, జెండా

ఆరు నెలలకు యూనిట్ నుంచి నల్ల ట్రంకు వచ్చింది. చనిపోయిన సైనికుడి సొంత వస్తువులను ఒక కమిటీ లెక్కగట్టి, జాబితా రాసి పంపుతుంది. స్టీలు మగ్గు, రెండు స్వెట్టర్లు, గెడ్డం క్రీము సగం వాడినది, పాప గీసిన బొమ్మ, ఫోన్. ఆ ఫోన్ ప్యాటర్న్ ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆమెకు తెలుసు. జాబితా మీద సంతకం పెట్టి పెట్టె తన గదిలో పెట్టుకుంది.

అప్పుడే నన్ను అడిగింది. "సార్, జెండా ఎవరిది?"

రూలు ప్రకారం నీదేనమ్మా అన్నాను. ఆ మాట అత్తగారికి చేరింది. పదిరోజులు ఇద్దరూ మాట్లాడుకోలేదు. నేను వెళ్లి తల్లి ముందు కూర్చుంటే ఆవిడ తాళంచెవి కొంగున ముడివేసుకుని ఉంది. "సూడు బాబూ. ఆడొంటి మీద ఆకరిసారి ఉన్న గుడ్డ అది. కోడలికి పిల్లలున్నారు, పెన్షనుంది, పెట్టె వచ్చింది. నాకేటుంది?" నా దగ్గర జవాబు లేదు. కావాలంటే ఇంకో జెండా తెప్పిద్దామని నోటిదాకా వచ్చి మింగేశాను. ఆ మాట అనకపోవడం ఈ కేసులో నేను చేసిన తెలివైన పని.

రెండో ఏడాది చివర ఢిల్లీ ప్రయాణం కుదిరింది. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో, త్యాగ చక్ర గోడల గ్రానైటు మీద పాతిక వేల పైచిలుకు పేర్లున్నాయి. అక్కడ ప్రతి సాయంత్రం ఒక సైనికుడి ఇంటివాళ్లు వచ్చి పుష్పగుచ్ఛం ఉంచుతారు. మా దరఖాస్తు ఒప్పుకున్నారు. ఒకరే వెళ్లాలంటే మళ్లీ తగువే కాబట్టి ఇద్దరికీ, పిల్లలకీ టికెట్లు తీయించాను. విశాఖలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కించాను. నేను వెళ్లలేదు, కావాలనే. ఒకటిన్నర రోజు ఒకే బోగీలో ఎదురెదురు బెర్తులు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. వచ్చాక ఫొటో చూపించారు: గోడ మీద పేరు దగ్గర ముసలావిడ వేలు, ఆ వేలిని పట్టుకుని సరైన అక్షరాల మీద పెడుతున్న కోడలి చెయ్యి. తీసింది పాప, అందుకే సగం వంకరగా ఉంది.

ఢిల్లీ నుంచి వచ్చిన వారానికి ఇద్దరూ కలిసి ఆఫీసుకి వచ్చారు. ఇద్దరూ కలిసి రావడం అదే మొదలు. తల్లి చెప్పింది: తను ఉన్నన్నాళ్లూ జెండా తన పెట్టెలో ఉంటుంది. ఏటా కొడుకు పోయిన రోజున కోడలు బయటికి తీస్తుంది, సాయంత్రం దాకా కోడలి గదిలో ఉంటుంది. తన తర్వాత మనవరాలిది. "ఇది మీ రిజిస్టర్లో రాసుకో బాబూ."

అలాంటి కాలమ్ లేదమ్మా అన్నాను. అయినా రాయమంది. తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాశాను. ఆవిడ వేలిముద్ర వేసింది, కోడలు సంతకం పెట్టింది, ఈసారి ఆధార్‌లో ఉన్నట్టే పూర్తి పేరుతో. కాగితం రెండు కాపీలు తీసి, రెండు ఫైళ్లలోనూ పెట్టాను. కోడలి ఫైల్లో పీపీఓ (పెన్షన్ మంజూరు కాగితం) వెనక ఉంది. తల్లి ఫైల్లో అదే మొదటి కాగితం.